అబ్రహాం వాల్డ్: ఎర్ర చుక్కల విమానం కాకుండా ఇంకేం చేశాడు?

మీరు అడిగింది ఇది: "ఎర్ర చుక్కల విమానం బొమ్మ అందరూ పెడుతుంటారు. తూటాలు తగలని చోట కవచం వేయండి అన్న ఆ అబ్రహాం వాల్డ్ అసలు ఎవరు? ఎకనామిస్టా, స్టాటిస్టీషియనా? నేను ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్నాను, ఆయన్ని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

క్లినికల్ ట్రయల్స్‌లో స్టాటిస్టిక్స్ పని చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. అంటే వాల్డ్ కనిపెట్టిన పద్ధతి మీద జీతం తిన్నవాణ్ని. కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం ఆ బొమ్మ సంగతి: రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాలకు తూటాలు తగిలిన చోట్లను ఎర్ర చుక్కలతో చూపిస్తారు, చుక్కలు లేని చోట దెబ్బతిన్నవి తిరిగిరాలేదు కాబట్టి కవచం అక్కడే వేయాలన్నది కథ. ఇక మీ ప్రశ్నకు ముందు ఒక్క ముక్కలో చెప్తాను. ఆయన చదువుకున్నది జ్యామితి. పొట్టకూటి కోసం అర్థశాస్త్రంలోకి వచ్చాడు, దేశం వదిలి పారిపోవాల్సి వచ్చాక స్టాటిస్టిక్స్‌లో స్థిరపడ్డాడు. రెండు రంగాల్లోనూ ఆయన చేసిన పని మాత్రం ఒకే రకం. మిగతావాళ్లు జవాబు ఎలా లెక్కగట్టాలా అని చూస్తున్నప్పుడు ఈయన ఆగి, ఈ ప్రశ్నకు అసలు జవాబంటూ ఉందా, ఉంటే ఏ షరతుల మీద ఉంది అని అడిగేవాడు. ఇది పట్టుకుంటే ఆయన పేపర్లన్నీ ఒకే మనిషి రాసినట్టు కనిపిస్తాయి. లేకపోతే చెల్లాచెదురుగా ఉంటాయి.

వాల్డ్ 1902 అక్టోబర్ 31న కొలోజ్‌వార్‌లో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీలో ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రొమేనియాలో కలిసింది, ఇప్పటి పేరు క్లూజ్. నిష్ఠగల యూదు కుటుంబం. బడికి శనివారం కూడా వెళ్లాలి, వాళ్లకేమో అది పవిత్ర దినం. అందుకని కాలేజీకి వచ్చేదాకా ఇంట్లోనే చదువు. క్లూజ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ అయ్యాక వియన్నా వెళ్లి కార్ల్ మెంగర్ దగ్గర 1931లో గణితంలో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. ఎకనామిక్స్ విద్యార్థి కదా, ఇక్కడ తికమక పడకండి. ఆస్ట్రియన్ ఆర్థికవేత్తల స్కూలుకు ఆద్యుడైన కార్ల్ మెంగర్ వేరు, ఈయన ఆయన కొడుకు, గణితజ్ఞుడు.

1930ల వియన్నాలో ఒక యూదుడికి, అందులోనూ పరాయి దేశస్థుడికి, యూనివర్సిటీలో ఉద్యోగం దొరకడం అసాధ్యం. మెంగర్ ఆయన్ని కార్ల్ ష్లేసింగర్ అనే బ్యాంకరు దగ్గరికి పంపాడు. ష్లేసింగర్‌కు ఆర్థిక సిద్ధాంతం పిచ్చి, గణితం నేర్పడానికి ఒక ట్యూటర్ కావాలి. అన్ని మార్కెట్ల ధరలూ ఒకేసారి ఎలా కుదురుకుంటాయో చెప్పే ఆధునిక సాధారణ సమతౌల్య సిద్ధాంతం ఆ ట్యూషన్ గదిలోంచే మొదలైందంటే అతిశయోక్తి కాదు.

సంగతి ఏమిటంటే, వాల్రాస్ అనే ఆర్థికవేత్త 1870లలో అన్ని మార్కెట్లనూ కలిపి ఒక సమీకరణాల వ్యవస్థగా రాశాడు. దానికి జవాబు ఉందని ఎలా చెప్పాలి? సమీకరణాలు ఎన్నో, తెలియని రాశులు అన్నే ఉన్నాయి, కాబట్టి సాధన ఉంటుంది అనేసి ఊరుకున్నారు. మీ సిలబస్ నోట్సుల్లో ఇప్పటికీ ఇలాగే రాసి ఉండొచ్చు. అది తప్పు. రెండు సంఖ్యల వర్గాల మొత్తం సున్నా, వాటి వర్గాల తేడా ఒకటి అనుకోండి. సమీకరణాలు రెండు, తెలియనివి రెండు, వాస్తవ సంఖ్యల్లో సాధన మాత్రం లేదు. సాధన ఉన్నా ధరలు రుణాత్మకంగా వస్తే దానికి అర్థం లేదు. కాసెల్ అనే మరో ఆర్థికవేత్త సరళం చేసి రాసిన రూపంలో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రతి వనరూ పూర్తిగా వాడుకలోకి వస్తుందని ముందే అనుకుంటే, సమృద్ధిగా ఉండి ఉచితంగా దొరికే వాటి సంగతేమిటి? దీనికి దారి చూపింది ష్లేసింగరే. వనరు పూర్తిగా ఖర్చవాలి, లేదా మిగిలిపోతే దాని ధర సున్నా అవ్వాలి అన్నాడు. సమానతల స్థానంలో అసమానతలు వచ్చాయి. మీరు లీనియర్ ప్రోగ్రామింగ్‌లో కాంప్లిమెంటరీ స్లాక్‌నెస్ అని చదివేది ఇదే.

ఆ రూపానికి సాధన ఉందని, కొన్ని షరతుల మీద అది ఒక్కటే ఉంటుందని వాల్డ్ రుజువు చేశాడు. మెంగర్ నడిపే గణిత సదస్సు ప్రచురణల్లో 1935, 1936ల్లో ఆ పేపర్లు వచ్చాయి. ఇలాంటి చోట తర్వాతివాళ్లు వాడిన ఫిక్స్‌డ్ పాయింట్ సిద్ధాంతాలేవీ వాడలేదు. చేత్తో చెక్కినట్టు, మెట్టు మెట్టుగా సాగే రుజువు. చదవడానికి హాయిగా ఉండదు, ముందే చెప్తున్నాను. ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి, రెండేళ్ల తర్వాత 1938లో శామ్యూల్సన్ ప్రతిపాదించిన రివీల్డ్ ప్రిఫరెన్స్ బలహీన సూత్రంలాంటిదే, అంటే కొనేవాళ్ల ఎంపికలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకూడదని. కాకపోతే వాల్డ్ దాన్ని ఒక వినియోగదారుడి మీద కాకుండా మొత్తం మార్కెట్ డిమాండ్ మీద పెట్టాడు, అది చాలా గట్టి షరతు. ఆర్థికవేత్తలు యారో, డెబ్రూ 1954లో ఆ షరతు అక్కర్లేకుండా చేసి చూపించారు, అందుకే మీ పాఠ్యపుస్తకాల్లో వాళ్ల పేర్లుంటాయి. వాళ్ల పేపర్ చివర్లో వాల్డ్ గురించి రాసింది తప్పక చూడండి. రుణం ఒప్పుకోవడమంటే అలా ఉండాలి.

అదే కాలంలో ఆర్థికవేత్త మోర్గెన్‌స్టెర్న్ నడిపే వ్యాపార చక్రాల పరిశోధన సంస్థలో పనిచేసి, కాలానుగుణ హెచ్చుతగ్గులను లెక్కల్లోంచి ఎలా తొలగించాలన్న దాని మీద 1936లో ఒక పుస్తకం రాశాడు. ధరల సూచీల మీదా రాశాడు. వాటిని దాటి వెళ్లిపోవచ్చు. ఒక్కటి మాత్రం చెప్పాలి. సంభావ్యతకు గణితజ్ఞుడు రిచర్డ్ ఫాన్ మీసెస్ ఇచ్చిన నిర్వచనం ఒక రకం అనంత శ్రేణి మీద ఆధారపడుతుంది. అలాంటి శ్రేణి నిజంగా ఉండగలదా, లేక నిర్వచనమే తనను తాను ఖండించుకుంటోందా అని అప్పట్లో పెద్ద రగడ. ఏ నియమాలతో ఎంపిక చేస్తామో ముందే పరిమితం చేసుకుంటే ఉండగలదని వాల్డ్ తేల్చాడు. చూశారా, మళ్లీ అదే ప్రశ్న.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ష్లేసింగర్ ఆ రోజుల్లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. మెంగర్ అప్పటికే అమెరికా వెళ్లిపోయాడు. వాల్డ్ ఉద్యోగం పోయింది. అమెరికాలోని కౌల్స్ కమిషన్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ నుంచి పిలుపు రావడంతో ఆ వేసవిలో బయటపడ్డాడు. వెనక ఉండిపోయిన కుటుంబంలో చాలామంది ఆష్విట్జ్‌లో చనిపోయారు. బతికి బయటపడ్డ సోదరుణ్ని తర్వాత అమెరికా రప్పించుకున్నాడు.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చేర్చింది హెరాల్డ్ హోటెలింగ్. ఆయన కూడా సగం ఎకనామిస్టు, సగం స్టాటిస్టీషియన్. ముప్పయ్యారేళ్ల వయసులో వాల్డ్ గణిత స్టాటిస్టిక్స్ లోతుగా చదవడం మొదలుపెట్టాడు. ఏడాది తిరగకుండా 1939లో ఒక పేపర్ రాశాడు. ఒక సంఖ్యను అంచనా వేయడం, ఒక ఊహ నిజమో కాదో డేటాతో పరీక్షించడం (పరికల్పన పరీక్ష) వేర్వేరు విషయాలు కావు, రెండూ నిర్ణయాలే, ప్రతి నిర్ణయానికీ తప్పితే ఎంత నష్టమో ఒక లెక్క ఉండాలి, అత్యధిక నష్టాన్ని వీలైనంత తగ్గించాలి అన్న ఆలోచనంతా అందులోనే ఉంది. వయసు మీద పడింది, రంగం మారలేం అనుకునే వాళ్లకు నేను ఈ పేపరే చూపిస్తుంటాను.

ఇక యుద్ధకాలం. 1942 నుంచి 1945 దాకా కొలంబియాలో స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్ అని ఒకటి నడిచింది. డైరెక్టర్ ఆలెన్ వాలిస్. మిల్టన్ ఫ్రీడ్‌మన్, జార్జ్ స్టిగ్లర్, జిమ్మీ శావేజ్, వోల్ఫోవిట్జ్, మోస్టెలర్ అందరూ అక్కడే. 1943 మొదట్లో అమెరికా నేవీ కెప్టెన్ స్కైలర్ ఒక మాట అన్నాడు. ఆయుధాలు పరీక్షించేటప్పుడు వేల రౌండ్లు కాల్చాలని మీ లెక్కలు చెప్తాయి, అనుభవమున్న అధికారికి మొదటి కొన్ని వందలకే ఫలితం తెలిసిపోతుంది కదా, అప్పుడే ఎందుకు ఆపకూడదు? వాలిస్, ఫ్రీడ్‌మన్ దీని మీద తర్జనభర్జన పడి, తమవల్ల కాదని వాల్డ్‌కు అప్పగించారు. వాలిస్ తర్వాత రాసిన జ్ఞాపకాల ప్రకారం వాల్డ్ మొదట పెద్దగా ఆసక్తి చూపలేదు. ఒకట్రెండు రోజుల్లో ఫోన్ చేసి, అలాంటి పరీక్షలు ఉన్నాయి గానీ మామూలు వాటికంటే బలహీనం అన్నాడు. ఆ మర్నాడు మళ్లీ చేసి, కాదు, వాటికంటే మెరుగ్గానే ఉంటాయి అన్నాడు.

ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూపిస్తాను, కాగితం తీసుకోండి. ఒక సరుకులో లోపాలు 10 శాతమా, 30 శాతమా తేల్చాలి. ఎటు పొరపాటు పడ్డా 5 శాతానికి మించకూడదు. ఒక్కో వస్తువు తీసి చూడండి. 1తో మొదలుపెట్టి, లోపం కనిపిస్తే 3తో గుణించండి, ఎందుకంటే 30ని 10తో భాగిస్తే 3. మంచిదైతే తొమ్మిదింట ఏడు వంతులతో గుణించండి, అది 70కి 90కి నిష్పత్తి. గుణింతం 19 దాటితే 30 శాతం అని ఆపేయండి. పంతొమ్మిదో వంతు కంటే దిగజారితే 10 శాతం అని ఆపేయండి. మధ్యలో ఉన్నంతసేపూ ఇంకోటి తీయండి. 19 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, 95ని 5తో భాగిస్తే వచ్చింది. అంతే పద్ధతి, దీన్నే సీక్వెన్షియల్ అనాలిసిస్ అంటారు. వరసగా మూడు లోపాలొస్తే 27 అవుతుంది, అక్కడే ఆగిపోవచ్చు. వరసగా మంచివే వస్తే పన్నెండో దానికి ఆగుతుంది. మామూలు పద్ధతిలో ముందే శాంపిల్ సైజు నిర్ణయించుకుంటే ఇదే కచ్చితత్వానికి దాదాపు 40 కావాలి. ఇక్కడ సగటున, నిజంగా లోపాలు 10 శాతమైతే 23, 30 శాతమైతే 17 చాలు. దాదాపు సగం ఖర్చు మిగిలింది.

ఈ పద్ధతి మీద వాల్డ్ 1943 సెప్టెంబర్‌లో రాసిన నివేదికను ప్రభుత్వం రహస్యంగా ఉంచింది, 1945లో గానీ అచ్చు కాలేదు. చట్టం ప్రకారం వాల్డ్ అప్పటికి శత్రుదేశపు పౌరుడు, అందుకని ఆయన రాసిన కాగితాన్ని ఆయనే చదవకుండా సెక్రటరీలు చేతిలోంచి లాక్కునేవారని ఆఫీసులో జోకు. బ్రిటన్‌లో జార్జ్ బార్నార్డ్ అనే స్టాటిస్టీషియన్ విడిగా ఇదే దారిలో నడిచాడు. బ్రిటన్ రహస్య సంకేత కేంద్రం బ్లెచ్‌లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు విప్పడానికి ట్యూరింగ్ వాడిందీ ఇలా సాక్ష్యాన్ని పోగుచేసుకుంటూ పోయే పద్ధతే. ఇచ్చిన పొరపాటు హద్దులకు ఇంతకంటే తక్కువ సగటు శాంపిల్‌తో పని అవ్వదని వాల్డ్, వోల్ఫోవిట్జ్ కలిసి 1948లో రుజువు చేశారు. కథంతా ఒక ఎత్తు, నాకు మాత్రం ఆ రుజువు ఒక ఎత్తు.

ఇది పాత గొడవ అనుకోకండి. ఏ/బీ టెస్టింగ్ (ఒకే వెబ్‌పేజీకి రెండు రూపాలు పెట్టి ఏది మేలో చూడటం) చేసేవాళ్లు రోజూ డ్యాష్‌బోర్డ్ తెరిచి, ఫలితం అనుకూలంగా కనిపించగానే ప్రయోగం ఆపేస్తుంటారు. 5 శాతం అనుకున్న పరీక్షను సమాన విరామాలతో ఐదుసార్లు చూస్తే అసలు తేడా లేకున్నా ఉందని చెప్పే అవకాశం 14 శాతానికి, పదిసార్లు చూస్తే 19 శాతానికి చేరుతుంది. మధ్యలో చూడటం తప్పు కాదు, చూస్తామని ముందే లెక్కలో పెట్టుకోకపోవడం తప్పు. మందుల ట్రయల్స్‌ను మధ్యలో ఎప్పుడు ఆపొచ్చో చెప్పడానికి మేం వాడే పోకాక్, ఓబ్రయన్-ఫ్లెమింగ్ హద్దులు 1970లలో వచ్చినవి, వాటి తాత వాల్డే.

ఇప్పుడు విమానం. ముందు నిరాశపరిచే మాట: ఆ ఎర్ర చుక్కల బొమ్మ వాల్డ్ గీసింది కాదు, యుద్ధకాలపు డేటా కూడా కాదు, ఇంటర్నెట్ కాలంలో ఉదాహరణకు గీసింది. సైన్యాధికారులు చుక్కలున్నచోట కవచం వేయబోతుంటే ఈయన లేచి ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించిన నాటకీయ ఘట్టం కూడా ఆయన రాసిన పత్రాల్లో లేదు. ఉన్నది 1943లో రాసిన ఎనిమిది మెమోలు, నిండా గణితం. 1980లో సెంటర్ ఫర్ నేవల్ అనాలిసిస్ వాటిని మళ్లీ బయటపెట్టింది. నిజం కథకంటే బాగుంటుంది, చూడండి.

మెమోలో ఆయన ఇచ్చిన ఊహాజనిత ఉదాహరణ ఇది. 400 విమానాలు వెళ్లాయి, 380 తిరిగొచ్చాయి. ఒక్క దెబ్బా తగలనివి 320. ఒక దెబ్బతో వచ్చినవి 32, రెండుతో 20, మూడుతో 4, నాలుగుతో 2, ఐదుతో 2. కూలిపోయిన 20 విమానాలకు ఎన్నేసి దెబ్బలు తగిలాయో చూసే దారి లేదు. దెబ్బ తగలని విమానం కూలదు అనుకుందాం. కాబట్టి దెబ్బ తిన్నవి మొత్తం 80. ఒక దెబ్బను తట్టుకుని నిలిచే సంభావ్యత ఎప్పుడూ ఒకటే అనుకుందాం. రెండు దెబ్బలతో వచ్చిన 20ని ఆ సంభావ్యతతో రెండుసార్లు భాగిస్తే, విమానాలు అసలు కూలకుండా ఉంటే రెండు దెబ్బలతో ఎన్ని కనిపించేవో తెలుస్తుంది. మిగతా వరసలన్నీ అలాగే భాగించి కూడితే 80 రావాలి. ఆ సమీకరణం విప్పితే సంభావ్యత 0.85 వస్తుంది. అంటే ఒక దెబ్బకు కూలే అవకాశం 15 శాతం. కళ్లకు కనిపించని విమానాల గురించి, కనిపించిన వాటి నుంచే, షరతులు బయటపెట్టి మరీ రాబట్టిన సంఖ్య ఇది.

వాల్డ్ అక్కడ ఆగలేదు. దెబ్బ దెబ్బకూ విమానం బలహీనపడుతుందేమో కదా, అప్పుడు ఒకే సంఖ్య చెప్పలేం, కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని హద్దులు చెప్పగలం అని వాటినీ లెక్కగట్టాడు. తర్వాత ఇంజను, ఇంధన వ్యవస్థ, మిగతా శరీరం అని విడగొట్టాడు. ఇక్కడే మీమ్ చేసే పొరపాటు ఉంది. ఒక భాగంలో కన్నాలు ఎక్కువ ఉండటానికి ఆ భాగం పెద్దది కావడం కూడా కారణమే. ఏ భాగానికి ఎన్ని తగలాలో ముందు తెలియాలి, దానితో పోల్చి తిరిగొచ్చిన వాటిలో ఎన్ని తక్కువగా కనిపించాయో చూడాలి. చుక్కలు లేని చోటల్లా కవచం వేయడం కాదు.

మీరు రిగ్రెషన్ నడిపినప్పుడు అవుట్‌పుట్‌లో కనిపించే వాల్డ్ స్టాటిస్టిక్ కూడా ఆ 1943దే. పెద్ద శాంపిళ్లలో పరీక్షలకు మూడు దారులున్నాయి: నేమన్, పియర్సన్‌ల లైక్‌లీహుడ్ రేషియో, వాల్డ్ పరీక్ష, 1948లో మన సి.ఆర్. రావు గారు ఇచ్చిన స్కోర్ పరీక్ష. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రావు గారి పరీక్షనే మీ ఎకనామెట్రిక్స్ పుస్తకం లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష పేరుతో చెప్తుంది. ఒక్క సలహా: శాంపిల్ చిన్నదైనా, లాజిట్ మోడల్‌లో గుణకం మరీ పెద్దదైనా వాల్డ్ పరీక్షను నమ్ముకోకండి, లైక్‌లీహుడ్ రేషియో కూడా చూడండి.

1946లో హోటెలింగ్ నార్త్ కరోలినా వెళ్లిపోయాక కొలంబియాలో కొత్తగా పెట్టిన గణిత స్టాటిస్టిక్స్ విభాగానికి వాల్డ్ అధిపతి అయ్యాడు. 1939 ఆలోచనను 1950లో నిర్ణయ సిద్ధాంతం మీద పుస్తకంగా పూర్తిచేశాడు. అందులోని ముఖ్య ఫలితం విచిత్రమైనది. ఆయన బేయీజియన్ (డేటా చూడకముందే ఒక సంభావ్యత అనుకుని, డేటాతో దాన్ని సవరించుకునే పక్షం) కాదు, కానీ కొన్ని షరతుల్లో, తోసిపుచ్చలేని (అంటే అన్ని పరిస్థితుల్లోనూ వాటిని మించినది లేని) నిర్ణయ పద్ధతులన్నీ ఏదో ఒక ముందస్తు సంభావ్యతకు బేయీజియన్ పద్ధతులో, వాటి అవధులో అవుతాయని తేలింది. ఆయన శిష్యుడు చార్లెస్ స్టెయిన్ 1956లో అదే కొలబద్ద పట్టుకుని, మూడు లేదా అంతకంటే ఎక్కువ సగటులను ఒకేసారి అంచనా వేసేటప్పుడు మామూలు సగటును మించిన అంచనా ఉందని చూపించి అందరికీ మతిపోగొట్టాడు. బ్రిటిష్ స్టాటిస్టీషియన్ ఫిషర్‌కు ఈ ధోరణే గిట్టలేదు. సరుకు తనిఖీకి పనికొచ్చే నిర్ణయాల లెక్కను సైన్సుకు అంటగట్టకూడదని 1955లో గట్టిగా రాశాడు. నా మటుకు ఫిషర్ మాటలో కొంత నిజముంది. ట్రయల్ ఎప్పుడు ఆపాలో వాల్డ్ చెప్తాడు. ఆ మందు ఎందుకు పనిచేస్తుందో నష్టాల పట్టిక చెప్పదు.

ఆ పుస్తకం వచ్చిన ఏడాదే భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వాల్డ్, భార్య లూసిల్ మన దేశానికి వచ్చారు. ఉపన్యాస యాత్ర మధ్యలో 1950 డిసెంబర్ 13న వాళ్లెక్కిన విమానం నీలగిరి కొండల్లో కూలి ఇద్దరూ చనిపోయారు. ఆయనకు 48 ఏళ్లు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. కొడుకు రాబర్ట్ వాల్డ్ తర్వాత సాధారణ సాపేక్షతలో పేరున్న భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. విమానాల గురించి రాసినవాడు విమానంలోనే పోయాడు అని చమత్కారంగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది నచ్చదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, 1943 మెమోల్లో మొదటిది ముందు పెట్టుకోండి. డిగ్రీ గణితం చాలు. పై ఉదాహరణను స్ప్రెడ్‌షీట్‌లో మీరే వేసి 0.85 రాబట్టండి, తర్వాత అంకెలు మార్చి చూడండి. రెండోది, 1980లో వాలిస్ రాసిన స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్ జ్ఞాపకాలు, నవలలా చదివిస్తాయి. మూడోది, సీక్వెన్షియల్ అనాలిసిస్ మీద 1947లో వచ్చిన పుస్తకం. మొదటి మూడు అధ్యాయాలు నెమ్మదిగా చదవండి. సమతౌల్యం మీద వాల్డ్ 1936లో జర్మన్‌లో రాసిన వివరణ వ్యాసానికి ఎకనామెట్రికా 1951లో ఇంగ్లీషు అనువాదం వేసింది. ఎకనామిక్స్ విద్యార్థిగా మీకు అది చాలు, అసలు రుజువుల జోలికి యారో-డెబ్రూ అయ్యాకే వెళ్లండి. 1950 పుస్తకం మాత్రం మెజర్ థియరీ (సంభావ్యతకు పునాది అయిన ఉన్నత గణితం) రాకుండా తెరవకండి, రెండో పేజీకే మూసేస్తారు.